మొలతాడు కింద మొలిచింది

జుగ్సలాయి మందులకొట్టు దగ్గర జయప్రకాష్ చొక్కా ఎత్తి నడుము చూపించినప్పుడు, కొట్టువాడన్న మాట "దాద్". వెనక దగ్గుమందు కోసం నిలబడ్డ పైడిబాబుకి వినబడిన మాట "దాదా".

"యే దాద్ హై, భాయ్. ఘర్ మే కిసీకో హోగా," అన్నాడు కొట్టువాడు. తామర పట్టిందయ్యా, ఇంట్లో ఎవరికో ఉండి ఉంటుంది, అని దానర్థం. పైడిబాబు ఉద్యోగమంతా ఫోర్జింగ్ సుత్తి పక్కన నిలబడి, ఎడమచెవిని కంపెనీకి ధారపోసి రిటైరైన మనిషి. మిగిలిన కుడిచెవిలోకి వెళ్ళింది మాత్రం "దాదా హై, ఘర్ మే" అని. జయప్రకాష్ ఇంట్లో దాదా ఉన్నాడు! తేడా ఒక్క దీర్ఘమే. కానీ ఆ ఉక్కు ఊళ్ళో, వలసొచ్చిన తెలుగువాళ్ళ ఇళ్ళ వరస అయిన సీతారాండేరా తెలుగు లైనులో గుమ్మానికీ గుమ్మానికీ దూరం తక్కువ, నాలుకలు పొడుగు. సాయంత్రం కుళాయి దగ్గర బిందెలు నిండేలోపల ఆ దీర్ఘం సుదీర్ఘమైపోయింది. లైను మొత్తానికి దాదా అనిపించుకునేవాడు ఒక్కడే, చివరిగదిలో లేడీస్ టైలర్ దీపక్. బెంగాలీ ఆడవాళ్ళు జాకెట్ల కొలతలిస్తూ దీపక్ దా, దీపక్ దా అని, అన్నా అన్న వరసలో ఆ పేరు అతనికి కుట్టేశారు. జయప్రకాష్ భార్య కల్పన అతని దగ్గర హుక్కుల పనీ ఫాల్స్ పనీ తెచ్చుకుని ఇంట్లో కుడుతుంది.

సూదీ దొరికింది, దారమూ దొరికింది. ఇక కథ కుట్టడానికి లైనుకి అడ్డేముంది?

జయప్రకాష్ తల్లి కస్తూరమ్మ ఈ మాట కుళాయి దగ్గరే వింది. ఆవిడకి పేరులో కస్తూరి, నోట్లో కారం. "ఎవులే ఆ మాటన్నది? పళ్ళు రాలగొట్టి బిందెలో ఏత్తాను!" అని అరిచింది. అరిచిందే గాని, ఇంటికి నడిచేటప్పుడు చంకలో బిందె తొణికి చీర సగం తడిసింది.

గమ్హరియా ఫౌండ్రీ నుంచి కొడుకు అప్పుడే వచ్చాడు. గుమ్మంలో కూర్చుని బూట్లు విప్పుతుంటే మోల్డింగు ఇసుక జలజల రాలింది. ఫర్నేసు దగ్గర రోజంతా కాగిన ఒళ్ళు. పైన బాయిలర్ సూటు, లోపల బిగుతు జీన్సు, రెండింటి మధ్యా చెమట. వేసవిలో నడుము దగ్గర రూపాయి బిళ్ళంత మొదలైంది, భాద్రపదం వచ్చేసరికి తొడలదాకా దిగింది. లక్ష్మీదేవి కూర్చునే తామర కాదది, మనిషిని కూర్చోనివ్వని తామర. కొట్టువాడు మొదట్నుంచీ ఇస్తున్న ట్యూబు రాస్తే వారం తిరక్కుండా ఎరుపు ఆరేది. మానేస్తే రెట్టింపై లేచేది. దురదృష్టంలో సగం దురదే అన్నట్టు, వాడికి కోపం కూడా ఆ గోకుడుతోనే రాజుకునేది.

"ఒరే, కుళాయి కాడ ఏటో అంతన్నార్రా," అంది కస్తూరమ్మ, చెప్పకుండా ఉండలేక. "మనింటికి దాదా వత్తన్నాడంట."

జయప్రకాష్ చెయ్యి నడుము మీదే ఆగిపోయింది. కొట్టువాడి మాట వాడి బుర్రలో పొద్దుట్నుంచీ తిరుగుతూనే ఉంది. ఘర్ మే కిసీకో హోగా. ఇంట్లో ఎవరికో. ఇప్పుడు దానికి ముఖం దొరికింది.

వాడు లేచి వంటింట్లోకెళ్ళి కల్పన మోచెయ్యి పట్టుకుని వెలుతుర్లోకి లాగాడు. చేతి లోపలివైపు ఎర్రటి అంచుతో గుండ్రటి మచ్చ.

"యే కహా సే ఆయా?"

"ఎక్కడ్నుంచేటి? మీ దగ్గర్నుంచే," అంది కల్పన. "రాత్రీ పగలూ గోక్కుంటున్నది మీరు కదా!"

చెంపదెబ్బకి ఆమె తల గోడకి కొట్టుకుంది. చేతిలో గరిటె పొయ్యి కిందికి దొర్లింది. పెదవి చిట్లి, రక్తం గడ్డం దాకా జారింది. వాడు బెల్టు లాగాడు. మొదటి దెబ్బ వీపు మీద పడ్డప్పుడు ఆమె అరవలేదు. రెండోదానికి "అత్తా!" అంది.

కస్తూరమ్మ వీధిగుమ్మం దగ్గర నిలబడి ఉంది. లోపల కోడలు ఉంది, బయట పరువు ఉంది. ఆవిడ పరువు పక్షం వహించి, తలుపు వేసి గడియ పెట్టింది. ఆవిడ భర్త నీలకంఠం టీవీ శబ్దం పెంచాడు. ఆ పేరున్న దేవుడు గొంతులో విషం దాచుకున్నాడు. ఈయన రిటైరయ్యింది మొదలు మాటలు దాచుకుంటున్నాడు.

మర్నాడు షిఫ్టు దిగి జయప్రకాష్ ఇంటికి రాకుండా తిన్నగా దీపక్ కొట్టులోకి వెళ్ళాడు. దీపక్ మెడలో టేపుతో, నోట్లో గుండుసూదులతో, ఒక జాకెట్టు చంక కుట్లు విప్పుతున్నాడు.

"క్యా రే, దాదా?"

దీపక్ నోట్లో సూదులు తీసి జవాబు చెప్పేలోపల మెడలో టేపే ఉరితాడైంది. జయప్రకాష్ దాన్ని మెలితిప్పి అతన్ని కుట్టుమిషను మీదికి వంచాడు. మిషను పక్కకి ఒరిగి కూలింది. బల్ల మీది కర్రస్కేలు తీసుకుని భుజం మీద కొట్టాడు, అది విరిగేదాకా. స్కేలు కంటే ముందు కాలర్‌బోన్ విరిగింది. ఆ చప్పుడు వీధిలోకి వినబడింది. చూస్తున్నవాళ్ళలో ఒకాయన, "మొగుడన్నాక ఆమాత్రం ఉంటాది లే," అన్నాడు. ఎవరో ఇద్దరు జయప్రకాష్‌ని వెనక్కి లాగినప్పుడు, వాడు ఒక చేత్తో దీపక్ జుట్టు పట్టుకుని, రెండో చేత్తో నడుము గోక్కుంటున్నాడు.

లైను పెద్ద ఆరోగ్యస్వామి మాస్టారు గొడుగు మూసుకుంటూ వచ్చాడు. "పోలీసులెందుకు, మనలో మనం తేల్చుకుందాం," అన్నాడు. ఆదివారం కూర్చుంటామన్నాడు. పిల్లది తప్పు చేసినట్టు తేలితే ఆ పూటే ఇల్లు దాటాలన్నాడు. తేలకపోతే ఏం చెయ్యాలో ఆయన చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

కస్తూరమ్మకి సాక్ష్యం కావాలి. డాక్టరు నోటితో "ఇది చెడు తిరుగుడు రోగం" అనిపించుకొస్తే ఆదివారం పని సులువు. శుక్రవారం కోడల్ని ఆటో ఎక్కించింది. కల్పన చిట్లిన పెదవి మీద కొంగు కప్పుకుని కూర్చుంది. "ఏమే, నిజం సెప్పీయరాదా? డాక్టరమ్మ ఎలాగూ సెప్పేత్తాది," అంది కస్తూరమ్మ. కల్పన కొంగు కిందనుంచి, "చెప్పనీ అత్తా. మీరూ వింటారు," అంది.

చర్మాల డాక్టరు ప్రిస్సీ తెలుగావిడే. కల్పన చెయ్యి దీపం కిందికి లాక్కుని, మొద్దుబ్లేడుతో మచ్చ అంచు మీద మెల్లగా గీకింది. పొట్టు గాజుపలక మీద రాలింది. దాని మీద ఒక చుక్క మందు వేసి, సన్నగా సెగ చూపించి, మైక్రోస్కోపు కింద పెట్టింది.

"మీరు కూడా చూడండమ్మా."

కస్తూరమ్మ ఒక కన్ను మూసి, ఇంకో కన్ను ఆనించింది. ముందు మసక. తర్వాత గాజులాంటి సన్నటి పోగులు, కొమ్మలు వేస్తూ, కణుపులు కణుపులుగా.

"నూలేటమ్మా ఇది?"

"ఇదే ఫంగస్. మొక్క కాదు, పురుగు కాదు. రొట్టె మీద బూజు, వానకి లేచే పుట్టగొడుగు, వాటి వంశం. దీనికి నోరు లేదు. రసం బయటికి కక్కి, మన చర్మం పైపొరని అక్కడే అరిగించి, ఆ పోగులతో పీల్చుకుంటుంది. మధ్యలో తినేశాక మేత కోసం అంచుకి జరుగుతుంది. అందుకే గుండ్రంగా కనబడుతుంది."

"నోరు లేకండానే ఇంత తింటే, ఇంక మా లైనోళ్ళ నోరు దీనికుంటే ఏటయిపోదుము!" అంది కస్తూరమ్మ. అని, గొంతు తగ్గించి, అసలు సంగతికి వచ్చింది. "చెడు తిరుగుళ్ళు తిరిగితే వత్తాదంటారు కదమ్మా?"

"తిరిగేది మనిషి కాదు, తువ్వాలు. బట్టలన్నీ ఒకే బకెట్లో నానబెడతారా?"

"మరి? ఇన్ని బకెట్లెక్కడివి?"

"ముందు ఎవరికి వచ్చింది?"

 కల్పనే చెప్పింది. "ఆయనకి వేసవిలో. నాకు వానలు పడ్డాక."

"మీకో?"

"నాకేటి? నాకు లేదు."

"మరెందుకు గోక్కుంటున్నారు?"

కస్తూరమ్మ కుడిచెయ్యి ఎడమచేతి గాజుల కింద ఉంది. ఎంతసేపట్నుంచి ఉందో ఆవిడకే తెలీదు. డాక్టరు ఆ గాజుల్ని మోచేతివైపు తోసింది. మణికట్టు చుట్టూ ఎర్రటి వలయం, అంచు ఉబ్బి, నడుమ పొట్టు లేచి. కల్పన అత్తవైపు చూడలేదు. గోడ మీద చేతులు కడుక్కోవడం గురించిన బొమ్మని చూస్తూ కూర్చుంది. ఆ చూడకపోవడమే కస్తూరమ్మకి చెంపదెబ్బలా తగిలింది.

కల్పన సంచీలోంచి తీసిన ట్యూబుని డాక్టరు అందుకుని వాసన చూసి పక్కన పడేసింది. "స్టెరాయిడ్ కలిపారు. ఇది ఎరుపు ఆర్పుతుంది గాని ఫంగస్‌ని చంపదు. కాపలాకుక్కకి నిద్రమందు పెట్టినట్టు. దొంగ తీరుబడిగా ఇల్లంతా తిరుగుతాడు." క్రీము అనుకున్నది క్రైమన్నమాట. "మీ అబ్బాయికి మొలతాడు ఉందా?"

"మొగోడన్నాక ఉండదేటి? నానే పేనుతాను." కస్తూరమ్మ గొంతులో గర్వం తన్నుకొచ్చింది. ఏటా దసరాలకి నల్లనూలు కొని, ఒక కొస కాలి బొటనవేలికి తగిలించి, తొడ మీద అరచేత్తో రాస్తూ పురి ఎక్కిస్తుంది. కొత్తది కట్టాకే పాతది తీస్తుంది. ఒక్క నిమిషం కూడా కొడుకు నడుము బోసిగా ఉండనిచ్చి ఎరగదు.

"చెమటకి తడుస్తుంది, స్నానానికి తడుస్తుంది, ఎప్పుడూ ఆరదు. మందు వేస్తే చర్మం మీదది చస్తుంది. తాడులో దాక్కున్నది మళ్ళీ దిగుతుంది. ఆ తాడు తీసేయాలమ్మా. బట్టలు వేణ్ణీళ్ళలో ఉడకబెట్టి, ఎండలో ఆరబెట్టి, తడి లేకుండా ఇస్త్రీ చెయ్యాలి. మాత్రలు ముగ్గురూ వాడాలి, మచ్చ పోయాక కూడా."

కస్తూరమ్మ చెవిలో అన్నిటికంటే గట్టిగా మోగింది తాడు మాట. కొత్తది కట్టకుండా మగవాడి మొలతాడు తెంచేది ఒక్కసారే. పాడె మీద.

డాక్టరు కల్పన వీపు చూడాలని జాకెట్టు పైకి జరిపింది. బెల్టు వాతలు నల్లగా కమిలి ఉన్నాయి. "ఇది ఫంగస్ కాదు," అంది.

"కాదు డాక్టరమ్మా," అంది కల్పన. "ఇది అంటుకునే రకం కాదు. ఒక్కళ్ళ మీదే ఉంటుంది."

శనివారం పొద్దున్న కస్తూరమ్మ ఇంట్లో బట్టలన్నీ పెద్ద డేగిసాలో వేసి ఉడకబెట్టింది. కర్రతో కలుపుతుంటే కొడుకు జీన్సు పైకి తేలింది, ముంచింది. మళ్ళీ తేలింది, మళ్ళీ ముంచింది. మధ్యాహ్నం వాడు అన్నానికి కూర్చున్నప్పుడు, పప్పు వడ్డిస్తూ, చిన్నప్పటి గొంతుతో అడిగింది.

"నాన్నా, ఆ మొలతాడు తీసెయ్. దానికిందే ఉంటాదంట ఈ తామర. తగ్గాక మంచిది నానే పేని కడతాను."

"క్యా?"

"నీకాడ్నుంచే దానికొచ్చిందంట. నాకూ..."

కంచం గోడకి తగిలి గిరగిర తిరిగింది. "మొలతాడు తీసీడానికి నాను సచ్చిపోనానేటి?" వాడికి హిందీ పోయి తెలుగొచ్చిందంటే కోపం నెత్తికెక్కినట్టే. "అది నేర్పితే నువ్వు పలుకుతున్నావా?" ఒక్క తోపు తోశాడు. కస్తూరమ్మ వెనక్కి వెళ్ళి ద్వారబంధానికి కొట్టుకుంది. నుదుటి మీద చర్మం విచ్చుకుని, రక్తం కంట్లోకి దిగింది. వాడు ఒక్క క్షణం చూశాడు. తర్వాత నడుము గోక్కుంటూ బయటికెళ్ళిపోయాడు. "కల్ దేఖ్‌తా హూ, దోనోంకో!" రేపు చూస్తాను మీ ఇద్దరి సంగతీ, అని.

కస్తూరమ్మ కిందే కూర్చుంది. ఎవరైనా చూస్తారు, తలుపు వెయ్యాలి అనుకుంది. లేవలేకపోయింది. కల్పన వచ్చి ఉడికించి ఆరబెట్టిన తువ్వాలు మడిచి ఆవిడ నుదుటికి అదిమిపట్టింది. తర్వాత లేచి వెళ్ళి వీధితలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచింది.

గదిలో నీలకంఠం టీవీ కట్టేశాడు.

ఆదివారం లైను నడుమ ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. ఆరోగ్యస్వామి మాస్టారు మధ్యలో కూర్చున్నాడు. పేరులో ఆరోగ్యం, తీర్పు రోగం గురించి. దీపక్ భుజానికి కట్టుతో ఒక మూల నిలబడ్డాడు. కల్పన గుమ్మంలో ఉంది. ఎవరూ కూర్చోమనలేదు.

"దీనికి రోగం ఉంది," అన్నాడు జయప్రకాష్. "ఆడికాడ్నుంచి తెచ్చి నాకు అంటించింది. ఇంట్లో ఉంచను. అంతే."

"దీపక్, నీకుందా?" అన్నాడు మాస్టారు.

దీపక్ ఒంటి చేత్తో చొక్కా గుండీలు విప్పాడు. నొప్పికి పెదవి కొరుక్కుంటూ నలుగురి ముందూ గుండ్రంగా తిరిగాడు. భుజం మీద కమిలిన నలుపు తప్ప, ఒంటి మీద మచ్చ లేదు.

"మానిపోయుంటాది," అంది ఒకావిడ వెనకనుంచి.

"అసలు దాదా మాట తెచ్చిందెవరు?"

పైడిబాబు గొంతు సవరించుకుని లేచాడు. "నాను ఇన్నాను కదా! మందులకొట్టోడే సెప్పాడు, దాదా హై ఘర్ మే అని."

"చాచా, దాదా నహీ. దాద్! దాద్ బోలా!" జయప్రకాష్ తిక్కతో అరిచాడు. "తామర!"

జనం గొల్లుమన్నారు. పైడిబాబు కుడిచెవి రుద్దుకుంటూ కూర్చున్నాడు. దీపక్ నవ్వలేదు. ఆ ఒక్క దీర్ఘానికి అతని ఎముక ఖర్చయింది. నవ్వులు ఆగాక, "దాదా లేకపోతే ఇంకెవరో. ఇంట్లోంచే వచ్చిందన్నాడు కదా," అని జయప్రకాష్ మళ్ళీ మొదటికొచ్చాడు. తలలు కొన్ని ఊగాయి. మాస్టారు కూడా ఊగబోయాడు.

కస్తూరమ్మ లేచింది. నుదుట కట్టు. ఎడమచేతి గాజుల్ని మోచేతిదాకా లాగి, ఆ చెయ్యి మాస్టారి ముఖం ముందు పెట్టింది.

"ఇదేటో సూడండి."

ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. వెనక్కి జరిగాడు.

"తామరే. అదే రోగం." ఆవిడ చెయ్యి పైకెత్తి లైను మొత్తానికీ తిప్పి చూపించింది. తర్వాత కొడుకు వైపు తిరిగింది. "ఒరే జయప్రకాషూ. నీ పెళ్ళానికి ఎవుడో అంటించాడన్నావు. మరి నాకెవుడు అంటించాడ్రా? మీ అమ్మ ఏ దాదా కాడికెళ్ళిందో, నలుగురిలోనూ నువ్వే సెప్పు."

కుళాయి కింద పెట్టిన బిందె పొర్లిపోతోంది. ఎవరూ కట్టలేదు.

"సెప్పవేం? నానే సెప్తాను, ఇనండి. ఇది బూజు. పచ్చట్లో తడిచెయ్యెడితే పడతాదే, ఆ బూజు జాతి. నీతీ జాతీ దానికి తెల్దు, తడి తెలుసు. ముందు ఈడికొచ్చింది, ఎండల్లో. ఈడి బట్టలు పిండి, ఈడి పక్కలో పడుకుని దానికొచ్చింది. ఆ బట్టలే నానూ పిండాను, నాకొచ్చింది. దీపక్ కుర్రోడు ఈ ఇంటి గుడ్డ ముట్టలేదు, ఆడికి రాలేదు. ఇంట్లోంచే వచ్చిందన్నాడు కొట్టోడు. నిజవే. ఇంట్లో ఎక్కడుందో సూపిత్తాను. కల్పనా, కత్తెర."

కల్పన కదిలింది. ఫాల్స్ కత్తిరించే కత్తెర తెచ్చి అత్త చేతిలో పెట్టింది.

ఏం జరగబోతోందో జయప్రకాష్‌కి అప్పుడు అర్థమైంది. చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి దిగలేదు. వెనకనుంచి నీలకంఠం పట్టుకున్నాడు. ఉద్యోగమంతా క్రేను చైన్లు లాగీ లాగీ గట్టిపడ్డ వేళ్ళు ఆయనవి. కొడుకు మోచేయి వెనక్కి విరిచి, ఇంకో చేత్తో మెడ చుట్టి, మోకాలితో కాళ్ళ వెనక పొడిచాడు. వాడు మోకాళ్ళ మీద కూలబడి గింజుకున్నాడు. కుర్చీ ఒకటి తిరగబడింది.

"కోసీ," అన్నాడు నీలకంఠం. రిటైరయ్యాక ఆయన గొంతు లైనులో చాలామంది అదే మొదటిసారి వినడం.

కస్తూరమ్మ కొడుకు చొక్కా పైకి లాగింది. నల్లటి తాడు, చెమటకి నాని, జిడ్డుగా చర్మానికి అతుక్కుని ఉంది. తన బొటనవేలి మీద పురి ఎక్కిన తాడు. కత్తెర కిందికి దూర్చింది. ఆడవాళ్ళెవరో "ఓలమ్మో, వొద్దు!" అని కళ్ళు మూసుకున్నారు. ఆవిడ కత్తెర నొక్కింది. 

తాడు తెగి కింద పడింది. దాని కింద, నడుము చుట్టూ ఇంకో తాడు ఉంది. ఎర్రగా, పొట్టులేచి, రసి కారుతూ, ముడి వేసినచోట బొటనవేలంత ముద్దగా. నల్లతాడు ఎక్కడెక్కడ నడిచిందో ఎర్రతాడూ అక్కడక్కడే నడిచింది. ముందు వరసలోవాళ్ళు చూశారు. వెనకవాళ్ళకి ముందువాళ్ళు చెప్పారు. ఒకరిద్దరు మగవాళ్ళ చేతులు వాళ్ళ నడుముల మీదికి వాటంతటవే వెళ్ళాయి.

నీలకంఠం పట్టు వదిలాడు. జయప్రకాష్ లేవలేదు. తెగిన తాడువైపు చూస్తూ, రెండు చేతులతో పొట్ట పట్టుకుని, ఒంటి మీద బట్టలన్నీ విప్పేసినట్టు ముడుచుకుపోయాడు.

మాస్టారు దగ్గాడు. "అయితే, సంగతి తేలిపోయింది. పిల్లది తప్పు లేదు. దీపక్ ఆస్పత్రి సంగతి జయప్రకాష్ చూసుకుంటాడు. అమ్మాయి ఇంట్లోనే ఉంటుంది."

గుమ్మంలో కల్పన లేదు. లోపలికెళ్ళి, ముందే సర్దిపెట్టుకున్న సంచీతో బయటికొచ్చింది. పెదవి మీద ఇవాళ కొంగు కప్పుకోలేదు.

"నేను ఉండను మాస్టారూ. మా అక్క ఇంటికెళ్తున్నాను."

"అదేటమ్మా! ఇప్పుడెందుకు?"

ఆమె గుమ్మం దిగింది. దీపక్ ముందు ఆగి, అతని కట్టు చూసి, తల వంచింది. కస్తూరమ్మ దగ్గర ఇంకాసేపు ఆగింది. కస్తూరమ్మ ఆపలేదు. ఆపడానికి ఎత్తాల్సిన చేతిలో ఇంకా కత్తెర ఉంది.

"మాత్రలు సగంలో మానీకు," అంది. "మచ్చ పోనా గానీ ఏసుకోమన్నాది డాక్టరమ్మ."

"మీరూ వేసుకోండత్తా," అంది కల్పన. కుర్చీల మధ్యనుంచి నడిచింది. జనం దారిచ్చారు.

ఆమె మలుపు తిరిగాక వెనకావిడ, మానిపోయుంటాదన్న ఆవిడే, అందరికీ వినబడేట్టు అంది. "ఇదేం చోద్యమమ్మా! తప్పు లేదని తేలింది కదా, మరెందుకెళ్ళిపోతన్నాది?"

లైనంతా కస్తూరమ్మ వైపు చూసింది. మాస్టారు కూడా చూశాడు. వాళ్ళెవరికీ నిజంగానే అర్థం కాలేదు. ఆవిడ కత్తెర కిందపెట్టింది. గాజులు మోచేతి నుంచి మణికట్టు మీదికి జారాయి.

"తప్పుందని మీరనుకున్నప్పుడు ఎల్లిపోతే, గెంటీసారనీవోరు," అంది కస్తూరమ్మ. "తేలీదాకా ఆగింది, అంతే."